వాడరేవు దారిలో ఒక రాతబడి

తెలుగులో కథ రాయడం, రాసినదాన్ని పుస్తకంగా తేవడం యూనివర్సిటీ చదువు కావాలి. దానికి కావలసిన సరుకంతా చీరాల చుట్టుపక్కలే ఉంది.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీలకు 2020–21లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. తెలుగు రెండో భాషగా తీసుకున్నవాళ్లకు మొదటి సెమిస్టర్లో ప్రాచీన కవిత్వం, రెండో దాంట్లో ఆధునిక సాహిత్యం పెట్టారు. అంతవరకు మామూలే. మూడో సెమిస్టర్ పేపరు పేరు మాత్రం ‘సృజనాత్మక రచన’. కవిత, కథ, వ్యాసం, అనువాదం, పత్రికలకు రాయడం, రేడియోకీ టీవీకీ రాయడం అన్నీ అందులో చేర్చారు. బీకాం చదివే కుర్రాడు, బీఎస్సీ చదివే అమ్మాయి కూడా కలం పట్టి సొంతంగా నాలుగు వాక్యాలు రాయాలన్నమాట. తెలుగు వాచకం అంటే ఎవరో రాసింది చదివి, దానికి మరెవరో రాసిన వ్యాఖ్యానం బట్టీ పట్టడమే అన్న అలవాటుకు అది పెద్ద మార్పు.

ఆ మరుసటి ఏడాది నుంచే డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియం చేయాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అకౌంటెన్సీ ఇంగ్లీషులో, జీవశాస్త్రం ఇంగ్లీషులో. ఇక ఆ పిల్లలు తమ మాటలో తాము ఆలోచించి రాయడానికి మిగిలిన చోటు ఈ ఒక్క పేపరే. అందుకే దాన్ని నేను చిన్నచూపు చూడలేను. ఎంత కొంచెమైనా అది విత్తనం. కాకపోతే ఒక్క సెమిస్టరులో విత్తనం మొలకెత్తేదాకానే వస్తుంది. కథ రాయించాల్సిన చోట ‘కథా లక్షణాలు తెల్పండి’ అన్న పది మార్కుల ప్రశ్న వచ్చి కూర్చుంటే ఆ మొలకా ఎండిపోతుంది. దీన్ని పూర్తి పట్టా చదువుగా పెంచాలి, దానికి ప్రచురణ విద్య జోడించాలి. నేను చెప్పదలచుకున్నది అదే.

అయిదు లక్షల మంది భాషలో

ఈ మాట గాలిలో మేడ కాదని చెప్పడానికి బ్రిటన్‌లోని వేల్స్ చాలు. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ మాట్లాడగలమని చెప్పినవాళ్లు అయిదు లక్షల ముప్పై ఎనిమిది వేల మంది. అక్కడి జనాభాలో వాళ్లు వందకు పద్దెనిమిది మంది కూడా కారు. మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో పదో వంతుకు కొంచెం ఎక్కువ. ఇంట్లోంచి వీధిలోకి అడుగు పెడితే ఇంగ్లీషే వినిపించే దేశం అది. అయినా అక్కడి విశ్వవిద్యాలయాల్లో సృజనాత్మక రచనను వెల్ష్ మాధ్యమంలో చదువుకోవచ్చు.

అది ఊరికే జరగలేదు. 2011లో కోలెగ్ కమ్రైగ్ కెనెడ్‌లైథోల్ అనే జాతీయ సంస్థ పెట్టారు. దానికి సొంత క్యాంపస్ లేదు. ఉన్న విశ్వవిద్యాలయాల్లోనే వెల్ష్‌లో పాఠం చెప్పే అధ్యాపకులకు, చదివే పిల్లలకు డబ్బు సాయం చేయడం దాని పని. అంతకు యాభై ఏళ్ల ముందే, 1961లో, వేల్స్ పుస్తక మండలి పుట్టింది. ప్రచురణకర్తలకు నిధులివ్వడం, రాతప్రతి దిద్దడంలో, అట్ట వేయడంలో, పుస్తకం దుకాణానికి చేర్చడంలో సాయపడడం దాని బాధ్యత. ఆ మండలి ఉన్నది అబరిస్ట్విత్ అనే చిన్న సముద్రపుటూర్లో. 1872 నాటి విశ్వవిద్యాలయం అక్కడే, 1907లో ఏర్పడిన వేల్స్ జాతీయ గ్రంథాలయమూ అక్కడే. చదివే చోటు, రాసే చోటు, పుస్తకం తయారయ్యే చోటు ఒక్క ఊళ్లో ఉన్నాయి.

2011 లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు ఎనిమిది కోట్ల పది లక్షల పైచిలుకు. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బాధ కన్నా పౌరుషం ఎక్కువ కలుగుతుంది.

వేటపాలెం నుంచి

చీరాల నుంచి తూర్పుకు ఆరేడు కిలోమీటర్లు వెళ్తే వాడరేవు, ఇంచుమించు అంతే దూరంలో దక్షిణాన వేటపాలెం. వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. వి.వి. శ్రేష్ఠి పూనికతో 1918లో మొదలైన గ్రంథాలయం అది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ భద్రంగా చూపిస్తారు. కానీ పరిశోధకులు దేశం నలుమూలల నుంచి వచ్చేది ఆ కర్ర కోసం కాదు, పాత పత్రికల కోసం. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి సంపుటాలు వరుసగా దొరికే చోట్లు మనకు ఎన్నో లేవు. పాత సంచిక తెరిస్తే కథ ఒక్కటే కనపడదు. దాని పక్కన ఏ ప్రకటన వేశారు, ఉత్తరాల పేజీలో పాఠకులు ఎలా తిట్టుకున్నారు, సీరియల్‌ను ఏ మలుపులో ఆపి వచ్చే వారానికి వాయిదా వేశారు అన్నీ కనపడతాయి. ప్రచురణ చదువు చదివేవాడికి అంతకు మించిన ప్రయోగశాల ఏముంటుంది?

అదే వేటపాలెంలో 1932లో పుట్టారు బూదరాజు రాధాకృష్ణ. శాసనాల భాష మీద పనిచేసిన పండితుడు, తెలుగు అకాడమీలో ఎన్నో ఏళ్లు ఉద్యోగం చేసినవారు. పదవీ విరమణ తరవాత ఈనాడు జర్నలిజం స్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యారు. తెలుగులో రాయడాన్ని క్రమం తప్పని చదువుగా, తెలుగులోనే, ఏళ్ల తరబడి నేర్పిన చోటు ఏదని అడిగితే నా జవాబు ఆ తరగతి గదే. ప్రవేశ పరీక్ష, ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండు. పల్లెటూళ్ల నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలు అక్కడ వాక్యం కట్టడం నేర్చుకుని రాష్ట్రంలోని దినపత్రికలన్నిటికీ పాకారు. బూదరాజు దగ్గర చదివామని వాళ్లు ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆయన కోపాన్నీ తలచుకుంటారు. ‘మాటల వాకిలి’, ‘పరవాచకం’ లాంటి పుస్తకాలు తిరగేసినా ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. చదివేవాడికి అర్థం కాని మాట రాయడం ఆయన దృష్టిలో బద్ధకం, పాఠకుడికి చేసే అవమానం.

అది పత్రికా యాజమాన్యం పెట్టుకున్న బడి. కావలసింది వార్త రాసేవాళ్లు, కథకులు కాదు. అయినా ఆ బడి ఒక సంగతి తేల్చేసింది. తెలుగు వాక్యం నేర్పితే వస్తుంది.

విశ్వవిద్యాలయాలు ఏమీ చేయలేదనను. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం దూరవిద్యలో సినిమా రచనకు డిప్లొమా పెట్టింది. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి ప్రసారాంగ అని సొంత ప్రచురణ విభాగమే ఉంది. ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఒక్క గొడుగు కిందికి తెచ్చినవాళ్లు లేరు.

రాయడం నేర్పితే వస్తుందా?

ఈ మాట ఎత్తగానే పెద్దవాళ్లు కూడా అడిగే ప్రశ్న ఇది. పుట్టుకతో రావాలి కదా అంటారు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లోనే రచయితల వర్క్‌షాపు పెట్టిందని చెబితే, అది వాళ్ల పద్ధతి అని తోసేస్తారు. సరే, మన పద్ధతే చూద్దాం. కావ్యం పుట్టడానికి కారణాలు చెబుతూ మమ్మటుడు శక్తి తరవాత నిపుణతను, ఆ తరవాత అభ్యాసాన్ని చెప్పాడు. ఆ అభ్యాసం కూడా ఒంటరిగా చేసేది కాదు, కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసేది. వెయ్యేళ్ల కిందటి అలంకారశాస్త్రం గురువు ఉండాలంటుంటే, మనం మాత్రం ఎవడికి వాడు చీకట్లో తడుముకోవాలంటున్నాం.

తెలుగులో ఈ విద్యకు పుస్తకాలూ లేకపోలేదు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘కథలు ఇలా కూడా రాస్తారు’ చాలామంది కొత్తవాళ్ల చేతుల్లో నలిగింది. పాఠ్యపుస్తకం లేదన్న సాకు చెల్లదు.

నేర్పడం అంటే నేను అనుకునేది ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. వాడరేవు అమ్మాయి ఒకామె ఈ తరగతిలో తుపాను మీద రాసిందనుకుందాం. సముద్రుడు మహోగ్రరూపం దాల్చి విలయతాండవం చేశాడనీ, గంగపుత్రులు ప్రాణాలు అరచేత పట్టుకుని విలపించారనీ మొదలుపెడుతుంది. ఎందుకంటే బడిలో, టీవీలో ఆమె విన్న ‘మంచి తెలుగు’ అదే. వ్యాకరణం ప్రకారం తప్పులేదు, పది మార్కులూ పడతాయి. మేష్టారు మార్కులు వేయకుండా అడగాలి. అమ్మా, ఆ రోజు మీ నాన్న ఏం చేశాడు? వలలు ఎక్కడ పెట్టారు? నువ్వు ఎక్కడ పడుకున్నావు? రెండో వారం ఆ అమ్మాయి ఇలా రాసుకొస్తుంది: ‘నిజాంపట్నంలో మూడో నంబరు ఎగరేశారని మైకులో చెప్పారు. నాన్న పడవను ఇసకలోకి ఇంకో నాలుగు బారలు లాగించాడు. వలలు మడిచి ఇంట్లోకి తెచ్చి మంచం మీద వేశాడు. ఆ రాత్రి మేమందరం కింద పడుకున్నాం.’ వల మంచమెక్కి మనుషులు నేల మీద పడుకున్నారన్న సంగతి ఆమెకు ముందే తెలుసు. అది రాయదగ్గ సంగతని చెప్పినవాళ్లు లేరు. ఆ చెప్పడమే చదువు.

వాడరేవు నుంచి పిడుగురాళ్ల దాకా 167ఏ జాతీయ రహదారి పోతుంది. అలివి వల లాగే ఇసక నుంచి బయలుదేరితే చీరాల మగ్గాలు, పర్చూరు వైపు పొగాకు, చిలకలూరిపేట, నరసరావుపేట దాటేసరికి పత్తి, మిరప. కల్లంలో తాలు కాయ ఏరే కూలి ఆడవాళ్ల దగ్గర, మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా దగ్గర ఏ నిఘంటువుకూ ఎక్కని మాటలున్నాయి. ఈ పని కూడా మనకు కొత్త కాదు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి పల్లెపల్లెకూ మనుషుల్ని పంపి రైతుల మాటలు సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తరవాత చేనేత సంపుటం వచ్చింది. ఇల్లు కట్టేవాళ్ల మాటలతో వాస్తు పదకోశం కూర్చింది బూదరాజు రాధాకృష్ణే. అరవై ఏళ్లు దాటాయి. తెప్ప పోయి ఇంజను బోటు వచ్చింది. ఆ బోటు మాటలు రాసుకునేవాళ్లు కావాలి.

లేనిది ఎడిటర్

ఇక అసలు సంగతి. రచయితలు మనకు తక్కువేం కాదు. తక్కువైంది ఎడిటర్లు.

తెలుగు పుస్తకం ఇప్పుడు ఎలా వస్తోందో దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలుసు. రచయిత సెల్‌ఫోన్‌లో యూనికోడ్‌లో కథలు టైపు చేసుకుంటాడు. పుస్తకం వేద్దామనుకుని, చేతి డబ్బులు పట్టుకుని డీటీపీ సెంటరుకు వెళ్తాడు. అక్కడి ఆపరేటరు దాన్ని అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో పోస్తాడు. మార్పిడిలో కొన్ని వత్తులు ఎగిరిపోతాయి, కొన్ని గుణింతాలు పక్క అక్షరానికి అంటుకుంటాయి. ప్రూఫు రచయితే చూసుకుంటాడు. తను రాసింది కాబట్టి కాగితం మీద ఉన్నది కాక తన మనసులో ఉన్నది చదువుతాడు. తప్పులు అలాగే ఉండిపోతాయి. ఆరో కథ మూడో కథలా ఉందని, చివరి పేరా కొట్టేస్తే కథ నిలబడుతుందని చెప్పే మనిషి ఈ దారిలో ఎక్కడా తగలడు. పదహారు పేజీల ఫారం లెక్కన ప్రెస్సు బిల్లు కట్టి, మూడొందలో అయిదొందలో కాపీలు ఇంటికి తెచ్చుకుని, ఆవిష్కరణ సభ పెట్టి, వచ్చినవాళ్లకు ఉచితంగా పంచుతాడు. కొన్నాళ్లకు మిగిలిన కట్టలు మంచం కిందికి చేరతాయి.

ఇందులో ఆ రచయిత తప్పేం లేదు. ఆ ఆపరేటరు తప్పూ లేదు. రాతప్రతిని చదివి, రచయితతో కూర్చుని, వాక్యం వాక్యం మాట్లాడి, పుస్తకానికి ఒక రూపం ఇచ్చే వృత్తి ఒకటుందని మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు. చెప్పనిదాన్ని ఎవరు నేర్చుకుంటారు?

ఆ వృత్తి ఉన్నప్పుడు ఏం జరిగిందో మన డెల్టాకే బాగా తెలుసు. తెనాలి నుంచి వెళ్లిన చక్రపాణి 1947లో చందమామ మొదలుపెట్టారు. తెనాలివారే కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపారు. చందమామ తెలుగు అని మనం మురిపెంగా చెప్పుకునేది చాలావరకు ఆయన కలం కిందుగా వెళ్లిన తెలుగే. ఎవరి కథ అయినా ఆ బల్ల దాటేసరికి పదేళ్ల పిల్లకు, డెబ్బై ఏళ్ల తాతకు ఒకేలా అర్థమయ్యేది. పేరు కనపడని పని అది. తరాలకు తరాలు చదవడం నేర్చుకున్నది ఆ పని వల్లే.

చీరాల చెప్పే ఉదాహరణ ఇంకోటుంది, ఇది బరువైనది. 1985 జులై 17న కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు. దళిత మహాసభ ఆ ఏడాదే ఇక్కడ పుట్టింది. ఆ కోపం, ఆ దుఃఖం పదేళ్లపాటు పాటలుగా, కవితలుగా ఎక్కడెక్కడో అచ్చవుతూ వచ్చాయి. 1995లో త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్య వాటిని ఏరి, వరుస కూర్చి ‘చిక్కనవుతున్న పాట’గా తెచ్చారు. విడివిడిగా చదివినప్పుడు ఒక్కో కవి గొంతు, కలిపి చదివినప్పుడు ఒక ఉద్యమం. తెలుగు కవిత్వం దిక్కు మారిందని అందరూ ఒప్పుకున్నది ఆ సంకలనం చూశాకే. సంపాదకత్వం అంటే అచ్చుతప్పులు దిద్దడం అనుకునేవాళ్లు ఆ ఒక్క పుస్తకం చూస్తే చాలు. 1990 నుంచి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ ఏటేటా తెస్తున్న ‘కథ’ సంకలనాల వరసా అలాంటిదే. ఏడాది మొత్తం పత్రికల్లో వచ్చిన కథలు చదివి గుప్పెడు ఏరడం ఎంత చాకిరీయో చేసినవాళ్లకే తెలుస్తుంది. వీళ్లెవరికీ ఏ విశ్వవిద్యాలయమూ ఈ పని నేర్పలేదు. ప్రేమ కొద్దీ, సొంత ఖర్చుతో చేశారు. ప్రతి తరంలోనూ అలాంటివాళ్లు వాళ్లంతట వాళ్లే పుడతారని చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు న్యాయంగా తోచదు.

మూడొందల కాపీల నుంచి

అయితే ఈ చదువు చదివితే ఉద్యోగం ఏదని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాలి కూడా. మిరపకు పెట్టుబడి పెట్టి ధర పడిపోతే కుదేలయ్యే ఇంట్లో పిల్లవాడి ఫీజు మాటలు కాదు. నా లెక్క ఇది. ఆన్వీక్షికి, ఛాయ లాంటి కొత్త ప్రచురణ సంస్థలు యువరచయితల్ని వెతికి పుస్తకాలు వేస్తున్నాయి, చదివేవాళ్లూ దొరుకుతున్నారు. ఆడియో కథలకు, వెబ్‌సిరీస్‌కు, సినిమాకు, డబ్బింగుకు తెలుగు రాసేవాళ్లు కావాలి. బడి పుస్తకాలకు ఎడిటర్లు కావాలి. బ్యాంకు దరఖాస్తు నుంచి ఆస్పత్రి కరపత్రం దాకా తెలుగులోకి మార్చే పని రోజురోజుకూ పెరుగుతోంది. వాటిలో చాలావాటి తెలుగు చదివితే తల తిరుగుతుంది. అంటే పని ఉంది, తెలిసిన చేతులు లేవు.

నాగార్జున విశ్వవిద్యాలయం 1976 నుంచి ఈ నేల మీద ఉంది. రెండేళ్ల ఎమ్మే ఒకటి అక్కడ పెట్టుకోవచ్చు, లేదా చీరాల, బాపట్ల కాలేజీల్లో ఒకదాంట్లో పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది వారానికో రచన, దాన్ని తరగతి మొత్తం ముందు చదవడం, తిరగరాయడం. సెలవుల్లో నెల రోజులు సారస్వత నికేతనంలో పాత పత్రికల మీద పని. రెండో ఏడాది సగం కాలం ఎడిటింగు, ప్రూఫు, పేజీ కట్టడం. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి కనుక అను దాస్యం ఈ పిల్లలతోనే పోవాలి. ఐఎస్‌బీఎన్ తీసుకోవడం, కాపీరైటు ఒప్పందం చదవడం, రాయల్టీ లెక్క కట్టడం, గ్రంథాలయాలకు పుస్తకం అమ్మడం కూడా పాఠాలే. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న ప్రజలం మనం. ఆ పైసలతో ఏ పుస్తకాలు కొంటున్నారని అడగడం తెలిసిన పట్టభద్రులు ఊరికి ఇద్దరున్నా మేలే.

పాఠం చెప్పడానికి పీహెచ్‌డీ ఒక్కటే అర్హత అంటే ఈ చదువు మొదటి రోజే చచ్చిపోతుంది. పత్రికలో ముప్పై ఏళ్లు డెస్కు మీద కూర్చున్న సబ్ ఎడిటరు రావాలి, కథకులు రావాలి, అట్టలు వేసే ఆర్టిస్టు రావాలి, విజయవాడలో పుస్తకాల దుకాణం నడిపే మనిషి వచ్చి ఏ పుస్తకం ఎందుకు కదలదో చెప్పాలి. సెలయేరు మీద కవిత రాసుకొచ్చిన కుర్రాడిని, మీ ఊరి పక్క కొమ్మమూరు కాలవ ఉంది కదరా, దాన్ని చూశావా అని అడగగలిగినవాళ్లు రావాలి.

పరీక్ష ఒక్కటే ఉండాలి. ఒక్కో విద్యార్థి తన తరగతిలోనే ఇంకొకరి రాతప్రతి తీసుకుని, దిద్ది, పేజీలు కట్టి, అట్ట వేయించి, మూడొందల కాపీలు అచ్చు వేయించాలి. తన పుస్తకం కాదు, పక్కవాడి పుస్తకం. విజయవాడ పుస్తక మహోత్సవం ఏటా జనవరి మొదట్లో జరుగుతుంది కాబట్టి అచ్చుపని డిసెంబరుకల్లా ముగియాలి. పదకొండు రోజులు స్టాలులో నిలబడి, ఆ మూడొందలూ అమ్మి, లెక్క అప్పజెప్పాలి. మార్కులు ఆ లెక్కను బట్టి.